తటస్థ దేశానికి వచ్చిన చాప

మా సాన్ మరీనోకి సైన్యం పేరుకే ఉంది, సముద్రం అసలే లేదు. కొండమీద నిలబడి చూస్తే దూరంగా నీలంగా మెరిసేది ఇటలీవాళ్ళ సముద్రం. నాలుగు వైపులా ఇటలీయే. ఇంత చిన్న దేశానికి విదేశాంగ విధానం కూడానా అని బయటివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. మాకూ ఒకటుంది. ఎవరితోనూ తగువు పడం, ఎవరి పక్షమూ పట్టం, భూమ్మీద ఉన్న ప్రతి దేశంతోనూ స్నేహం కలుపుకుంటాం. పెద్ద దేశాలు ఓడల్ని లెక్కపెట్టుకుంటాయి, మేం స్నేహితుల్ని లెక్కపెట్టుకుంటాం. ఇన్ని వందల ఏళ్ళుగా ఈ కొండమీద బతికి బట్టకట్టామంటే ఆ ఒక్క ఉపాయంతోనే.

ఈ ఉపాయాన్ని ఒంటబట్టించుకున్న మనిషి లోరిస్ బొల్లీనీ. మా విదేశాంగ కార్యాలయంలో పనిచేసేది గుప్పెడు మంది, చూసుకోవలసింది ప్రపంచమంతా. ఆసియా ఖండం, పసిఫిక్ దీవులు, మర్యాదల విభాగం, ఫ్రెంచి అనువాదం, కాఫీ యంత్రం మొరాయిస్తే దాని సంగతి, ఇవన్నీ లోరిస్ వంతు. మనిషి మంచివాడు, పని రాక్షసుడు. కానీ తటస్థత అతనికి ఉద్యోగంతో ఆగలేదు, రక్తంలోకి దిగింది. కాఫీ అంగట్లో ఇద్దరు ఫుట్‌బాల్ గురించి కలబడితే ఇద్దరి భుజాలమీదా చేతులు వేసి నిలబడేవాడు. వాళ్ళమ్మ పండగనాడు రెండు వంటకాలు చేసి ఏది బాగుందిరా అని అడిగితే, రెండూ ఒకదాన్నొకటి గౌరవించుకుంటున్నాయమ్మా అనేవాడు. ఆవిడ గరిటె పుచ్చుకుని వెంటపడేది.

ఇలాంటివాణ్ణి ప్రేమించిన ఆడమనిషి ఒంబ్రెత్తా కజాలీ. పశువుల డాక్టరు. ఆవు పొట్టలో అడ్డం తిరిగిన దూడని చేత్తో సరిచేసి బయటికి లాగగల మనిషి, మాటలో నాన్చుడు తెలియదు. మార్చి నెలలో ఒకరోజు ఫయెతానో ఊళ్ళో ఒక గొడ్లపాకనుంచి ఇద్దరూ జీపులో వస్తున్నారు. ముందు ఒక ట్రాక్టరు దారివ్వకుండా నత్తనడక నడుస్తోంది. ఒంబ్రెత్తా హారన్ కొట్టడం ఆపి, తల తిప్పకుండానే అడిగింది.

"లోరిస్, మనం పెళ్ళి చేసుకుందామా?"

లోరిస్ గుండె గంతేసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో జీపు దిగి ట్రాక్టరువాణ్ణి కౌగిలించుకోవాలనిపించింది. కానీ ఆ సంతోషం గుండెలోంచి నోట్లోకి వచ్చేలోపల దారిలో ఉద్యోగం అడ్డుపడింది.

"ఇది సానుకూలంగా పరిశీలించదగ్గ విషయం," అన్నాడు. "ఇప్పుడే అవుననీ కాదనీ తేల్చెయ్యకుండా, సంప్రదింపులు కొనసాగిద్దాం."

ఒంబ్రెత్తా కొండకింద బోర్గోలో, పైకి తీసుకెళ్ళే తీగెబండి స్టేషను ముందు జీపు ఆపింది. "నేనడిగింది నిన్ను. మీ ఆఫీసుని కాదు. దిగు," అంది.

దిగాడు. క్షమాపణ చెప్పడానికి మర్నాడు పూలు కొన్నాడు. ఏ రంగు కొంటే ఏ అర్థం వస్తుందోనని అన్ని రంగులూ కొన్నాడు. అవి పట్టుకుని వెళ్ళే ధైర్యం కూడగట్టుకునేలోపల దేశమే అతని నెత్తిన బండ వేసింది.

మాకు రాజూ లేడు, రాష్ట్రపతీ లేడు. ఆరేసి నెలలకి ఇద్దరిద్దరు ఏలికలు ఉంటారు. మహాసభలోని సభ్యుల్లోంచి సభే వాళ్ళని ఎన్నుకుంటుంది. సభ్యులందరికీ పగటిపూట వేరే పనులుంటాయి, కాబట్టి ఒకసారి ప్లీడరు ఏలికవుతాడు, ఒకసారి బడిపంతులు. ఎన్నికయ్యాక నాకొద్దు అనడానికి చట్టం ఒప్పుకోదు. ఆ మార్చిలో సభ ఎన్నుకున్న ఇద్దరిలో ఒకాయన ఒద్దోనె జఫెరానీ, స్నానాలగదుల సామాను అమ్మే ముసలాయన, నలభై ఏళ్ళు కుళాయిలు బిగించి మోకాళ్ళు అరగదీసుకున్నవాడు. రెండో మనిషి ఒంబ్రెత్తా.

ఏప్రిల్ ఒకటిన వాద్యాలు మోగాయి, జెండాలు ఎగిరాయి, నల్ల మఖమలు దుస్తుల్లో నీలం తెలుపు పట్టీ వేసుకుని ఒంబ్రెత్తా సింహాసనం ఎక్కింది. మర్యాదల అధికారి గనక లోరిస్ ఆ సింహాసనం వెనక రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆ రోజునుంచీ ఆవిడ అతనికి 'ఏలినవారు'. ఏలికల సమక్షంలో అధికారి కూర్చోకూడదన్న నియమం ఉంది. ఆ నియమావళిని కిందటేడు శుభ్రంగా తిరగరాసింది లోరిసే.

ఊరంతటికీ ఈ సంగతి తెలుసు. మా దేశంలో ఒకరి కడుపునొప్పి ఇంకొకరికి తెలియకుండా ఉండదు. రొట్టెలమ్మాయి పియదీనా రొట్టె చుట్టి ఇస్తూ, ఏలినవారు ఏమంటున్నారని అడిగేది. తీగెబండి నడిపేవాడు పైకి వెళ్ళేదాకా సలహాలు ఇచ్చేవాడు. లోరిస్ రోజూ గట్టిగా నిశ్చయించుకుని వెళ్ళేవాడు, ఇవాళ చెప్పెయ్యాలని. వసారాలో ఆవిడ ఎదురయ్యేది. అతని నోరు తెరుచుకునేది. బయటికి వచ్చేది మాత్రం, "పదిన్నరకి పోర్చుగల్ రాయబారి, ఏలినవారు," అని.

"తెలుసు. ఇంకేమైనా ఉందా?" అనేది ఒంబ్రెత్తా.

"లేదు, ఏలినవారు."

ఆవిడ కోపంగా వెళ్ళిపోయినా బాగుండేది. మర్యాదగా వెళ్ళిపోయేది, అదే అతన్ని కాల్చుకుతినేది. ఆగస్టులో మరో కబురు తెలిసింది. అక్టోబరులో పదవి దిగగానే ఒంబ్రెత్తా అర్జెంటీనా వెళుతోందట. అక్కడ వాళ్ళ బంధువులకి గుర్రాలశాల ఉంది, ఏడాదో ఇంకా ఎక్కువో ఉంటుందట. లోరిస్ కి ఆ వారమంతా ముద్ద దిగలేదు. సెప్టెంబరు వచ్చేసింది, నోరు ఇంకా విచ్చుకోలేదు.

సరిగ్గా అప్పుడు పసిఫిక్‌లోని వైతోలు దీవుల రాయబారి వస్తున్నాడని వర్తమానం అందింది. ప్రపంచంలో మాతో స్నేహ ఒప్పందం కుదరని కొద్ది దేశాల్లో వైతోలు ఒకటి. లోరిస్ మూడేళ్ళుగా వెంటపడుతున్నాడు. మంత్రిగారు ఆనందం పట్టలేక అధికారులందరికీ మోస్కాతో వైను పోయించారు. వైతోలు వాళ్ళు మా దేశం గురించి చెప్పమని అడిగితే లోరిస్ ఎంతో శ్రద్ధగా రాసి పంపాడు. మా దేశానికి ఇద్దరు అధినేతలు, ప్రస్తుతం ఒక పురుషుడు, ఒక స్త్రీ. పక్కపక్కనే కూర్చుంటారు. ఏ పని చేసినా కలిసే చేస్తారు. ఒకరి మాట లేకుండా మరొకరి మాట చెల్లదు.

చదివారు కదా. ఇందులో తప్పేమైనా కనబడిందా? మాకు కనబడలేదు. మంత్రిగారు చదివారు, కార్యదర్శి చదివాడు, అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు. తాతముత్తాతల కాలంనుంచీ ఇద్దరిద్దరు ఏలికలతో కాపురం చేస్తున్నవాళ్ళం, బయటివాడు దీన్ని చదివి ఏమనుకుంటాడో మా బుర్రలకి తట్టనే లేదు.

ఆ రోజు సభాభవనం కిటకిటలాడింది. సింహాసనాలమీద ఒద్దోనె, ఒంబ్రెత్తా. వెనక లోరిస్. ముందువరసలో ఒద్దోనె భార్య యొలాందా, ఒళ్ళో చేతిసంచితో. రాయబారి పేరు మతాలవు, భారీ మనిషి. నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. ఆయన వెనక ఇద్దరు అనుచరులు పొడుగాటి చాపచుట్ట భుజాన వేసుకుని నిలబడ్డారు. రాయబారి ఫ్రెంచిలో మొదలుపెట్టాడు. లోరిస్ వాక్యం వెంట వాక్యం మా భాషలోకి మారుస్తున్నాడు. సముద్రం, కొండ, స్నేహం, అన్నీ సాఫీగా సాగిపోతున్నాయి. అంతలో రాయబారి ఇద్దరు ఏలికలవైపూ చేతులు చాచి, ఇంతటి ఆదర్శ దాంపత్యాన్ని కళ్ళారా చూడడం తన అదృష్టమన్నాడు.

లోరిస్‌కి తను రాసి పంపినదంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది, ఈసారి పరాయివాడి కళ్ళతో. ఇప్పుడు సరిదిద్దితే అతిథి పరువు పోతుంది, సరిదిద్దకపోతే ఏలికల పరువు పోతుంది. ఎప్పటిలాగే మధ్యదారి వెతికాడు. "మీ సమష్టి నాయకత్వం చూసి రాయబారిగారు ముగ్ధులయ్యారు," అన్నాడు.

ముందువరసలో యొలాందా దగ్గింది.

రాయబారి ఉత్సాహంగా ముందుకు సాగాడు. భర్త వయసులో పెద్దవారే అయినా ఎంత ఆరోగ్యంగా ఉన్నారన్నాడు. ఒద్దోనెగారి అనుభవానికి జోహార్లన్నాడు లోరిస్. ఈ వయసులో ఇంత చక్కని పడుచుభార్యని మెప్పించడం మాటలు కాదన్నాడు రాయబారి. ఒంబ్రెత్తాగారి చురుకుదనం ప్రశంసనీయమన్నాడు లోరిస్. పిల్లలెందరని రాయబారి అడిగాడు. జనాభా వివరాలు తర్వాత అందజేస్తామని లోరిస్ తనే ఫ్రెంచిలో జవాబు చెప్పేశాడు.

యొలాందా లేచి నిలబడింది. పెళ్ళికి ముందు ఆవిడ ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో హోటల్ పనికి వెళ్ళి ఏళ్ళతరబడి ఉన్న సంగతి లోరిస్ ఎలా మరిచిపోయాడో ఆ దేవుడికే తెలియాలి.

"ఏవయ్యా లోరిస్," అందావిడ, చేతిసంచి సర్దుకుంటూ. "ఆయన అన్నదే చెబుతావా, నన్ను చెప్పమంటావా? నా మొగుణ్ణి ఎవరికో కట్టబెట్టేస్తుంటే నాయకత్వం అంటావేంటి?"

"ఎవరికి కట్టబెడుతున్నారే?" అన్నాడు ఒద్దోనె సింహాసనం మీంచి, ఆత్రంగా.

"నోరు మూసుకుని కూర్చో," అంది యొలాందా.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. లోరిస్ చెమటలు కక్కుతూ ఇటు మా భాషలోనూ అటు ఫ్రెంచిలోనూ మొత్తం విప్పి చెప్పాడు. సభంతా ఒక్కక్షణం గుడ్లప్పగించింది. ఆ తర్వాత మూల ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గోడలమీది పాత బొమ్మలు అదిరిపోయేలా నవ్వు లేచింది. ఒద్దోనె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. లాంఛనంగా నిలబడ్డ రక్షకభటుల టోపీలమీది ఈకలు గడగడ వణికాయి. మంత్రిగారొక్కరే పాలిపోయారు. ఒంబ్రెత్తా పెదవి కొరుకుతూ పైకప్పు చూస్తోంది. లోరిస్ కి ఆవిడ మెడ వెనకభాగం ఒక్కటే కనబడింది, అది ఎర్రబడింది.

నవ్వనివాడు ఇంకొకడున్నాడు, రాయబారి. ఆయన బాధగా చాపచుట్టవైపు చూపించాడు. వైతోలులో ఒప్పందమంటే కాగితం కాదట, చుట్టరికమట. చుట్టరికం కలిపేది ఆలుమగలు. ఏలినవారు తమ తోడుతో ఆ చాపమీద కూర్చుని ఒకే ఆకులో తినాలి, ఆ తర్వాతే సంతకం. పదిమంది ఆడవాళ్ళు నెలలతరబడి అల్లిన చాప అది. కట్టు విప్పకుండా వెనక్కి పట్టుకెళితే స్నేహం కుదరలేదని అర్థం.

మంత్రిగారి చూపు లోరిస్ ని గుచ్చింది. మూడేళ్ళ కష్టం, ఒక దేశం స్నేహం చేతుల్లోంచి జారిపోతోంది.

దారి చూపించింది యొలాందాయే. ఇద్దరు ఏలికలున్నప్పుడు ఇద్దరి తోడులూ కూర్చుంటే పోలేదా అంది. రాయబారికి ఆవిడే తిన్నగా ఫ్రెంచిలో వివరించింది. ఆయన భుజాలు మళ్ళీ నవ్వాయి. చాప పరిచారు. అది విప్పుతుంటే సభంతా ఎండిన ఆకుల వాసన. ఇద్దరు భటులు చెరో రెక్కా పట్టుకుని ఒద్దోనెని చాపమీదకి దించారు. ఆయన మోకాళ్ళు టకటకమన్నాయి. యొలాందా పక్కన కూర్చుని ఆయన పట్టీ సరిచేసింది. తీరా చాపలో సగం ఖాళీగా ఉండిపోయింది. రాయబారి ఒంబ్రెత్తావైపు తిరిగి ఏదో అడిగాడు.

అనువాదం లోరిస్ వంతు.

"ఏలినవారికి తోడు ఎవరని అడుగుతున్నారు," అన్నాడు.

ఎవరూ లేరని చెబితే అయిపోతుంది. ఆవిడ అలాగే చెబుతుందనుకున్నాడు. ఒంబ్రెత్తా వెనక్కి తిరగలేదు. రాయబారినే చూస్తూ, తీరుబడిగా, ఒక్కో మాటా అనువాదానికి వీలుగా విడదీసి చెప్పింది. "మార్చిలో ఒకర్ని అడిగానని చెప్పండి. అవునూ అనలేదు, కాదూ అనలేదు."

లోరిస్ ఫ్రెంచిలోకి మార్చాడు, ఒక్క అక్షరం తగ్గించకుండా. రాయబారి ముఖం చిట్లించి ఒక మాట అన్నాడు. యొలాందా కిందనుంచి లోరిస్‌నే చూస్తోంది.

"అలాంటి వెధవ ఎవడని అడుగుతున్నారు," అన్నాడు లోరిస్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సభలో ఉన్నవాళ్ళందరికీ ఆ వెధవ ఎవడో తెలుసు, రాయబారికి తప్ప. జీవితంలో మొదటిసారి లోరిస్‌కి మధ్యదారి దొరకలేదు. ఉన్నవి రెండే దారులు. ఒకదాని చివర అర్జెంటీనా ఉంది.

"నేనే," అన్నాడు ఫ్రెంచిలో. మళ్ళీ మా భాషలో అన్నాడు, "నేనే ఆ వెధవని. ఆ రోజు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. భయమేసి ఆఫీసు మాట మాట్లాడాను. అప్పట్నుంచీ రోజూ మీ వెనకాల నిలబడి అదే తలుచుకుని ఏడుస్తున్నాను."

ఒంబ్రెత్తా ఇప్పుడు తిరిగింది. ఆవిడ కళ్ళలో నవ్వూ కోపమూ కలిసిపోయాయి. "ఏడ్చింది విన్నాంలే," అంది. "తోడెవరని అడిగింది రాయబారిగారు. వెధవ ఎవడని అడిగిందీ ఆయనే. నువ్వింతవరకూ నన్నేమీ అడగలేదు."

మంత్రిగారు మాటిమాటికీ గడియారం చూసుకోవడం మానేశారు. లోరిస్ సింహాసనం వెనకనుంచి ముందుకి వచ్చాడు. అంత దూరం నడవడం అతనికి కొండెక్కినట్టుంది. చాపదగ్గర ఆగాడు. కార్యదర్శి చెయ్యి ఊపుతూ, సమక్షంలో కూర్చోకూడదు, నియమావళి, అని గుసగుసలాడుతున్నాడు. లోరిస్ బూట్లు విప్పి చాపమీద కూర్చున్నాడు. ఒక సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. అందరూ చూశారు.

"ఒంబ్రెత్తా," అన్నాడు, తల పైకెత్తి. "నిన్ను పెళ్ళి చేసుకోవాలనుంది. అర్జెంటీనా వెళితే నేనూ వస్తాను, గుర్రాలకి నీళ్ళు పెడతాను. వెళ్ళకపోతే ఇక్కడే ఉంటాను. నువ్వెటు ఉంటే అటే నా పక్షం. చేసుకుంటావా?"

"నా వైపునుంచి అభ్యంతరం లేదు," అన్నాడు ఒద్దోనె గంభీరంగా. "నా మాట లేకుండా ఆవిడ మాట చెల్లదు కాబట్టి ముందే చెప్పేస్తున్నా."

"నిన్నెవరడిగారు," అని యొలాందా ఆయన తొడమీద గిల్లింది.

ఒంబ్రెత్తా సింహాసనం దిగింది. ఆ మఖమలు దుస్తుల్లో వంగి కూర్చోవడం తేలిక కాదు. అయినా లోరిస్ పక్కన కూలబడి, పట్టీ పక్కకి లాగేసి, అతని సాక్సు చిల్లు వంక చూసి నిట్టూర్చింది. రాయబారి అనుచరుడు వాళ్ళముందు అరిటాకు పరిచాడు. ఆకులో కొబ్బరిపాలతో వండిన చేప, వేడివేడిగా. ఆ వంట ఎక్కడ చేశారో, భవనం వంటగదిని ఎప్పుడు ఆక్రమించారో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఒంబ్రెత్తా చేప ముల్లు తీసి ఒక ముక్క లోరిస్ నోట్లో పెట్టింది. ఆ పైన అతని చెవిలో కాదు, సభంతా వినబడేలా, అవునంది.

రాయబారికి మా భాష రాదు. ఆయన చాప అంచున వంగి, ఏమంది, ఏమంది అని ఆదుర్దాగా లోరిస్ ముఖంలోకి చూస్తున్నాడు. అనువదించవలసింది ఒకే ఒక్క మాట. ఫ్రెంచి నేర్చుకునే ఎవరికైనా మొదటిరోజే వచ్చే మాట. లోరిస్ నోరు తెరిచాడు. రాలేదు. మింగి మళ్ళీ తెరిచాడు. కళ్ళు నిండిపోయి బుగ్గలమీదుగా కారిపోతున్నాయి, గడ్డం వణుకుతోంది, ఆ ఒక్క మాట గొంతు దాటి రావడం లేదు. రాయబారి ఓపిగ్గా చెవి ఒగ్గే ఉన్నాడు.

చివరికి యొలాందా అతని వీపుమీద చెయ్యి వేసి, ముందుకు వంగి, ఆ మాట తనే చెప్పింది.